పదకొండో ఫ్రేము

ఆదోనిలో సెకండ్ షో.
ముందు వరసలో జిన్నింగ్ మిల్లు పిల్లోళ్ళు,
జుట్టులో ఇంకా పత్తి నూగు.
తెర వెలుగు మీద పడినప్పుడల్లా
అందరూ ఒక్క క్షణం ముసలోళ్ళవుతారు.

సినిమాలో వాన.
మొదటి హత్యకు వాన, రెండో హత్యకూ వాన.
హంతకుడి గొడుగు అంచు నుంచి చుక్కల్ని
ఒక్కొక్కటే లెక్కపెట్టి
చెవిలో పోస్తున్నాడు సౌండాయన.
మా ఊళ్ళో ఇట్లా చంపాలంటే
ఎన్నేండ్లు కాచుకోవల్ల?
నవ్వొచ్చింది. నవ్వలేదు.
పక్క సీట్లో మనిషి
నా చేతిని కుర్చీ చెయ్యి అనుకుని
గట్టిగా పట్టుకోనుండాడు.

తలుపు.
తలుపు కింద వెలుతురు గీత.
గీతను తెంపుతూ రెండు పాదాల నీడ.
అంతే, ఇంకేం చూపించలేదు.
నా గొంతులో బొరుగులు ఆగిపోయినాయి.
చూపించకుండా ఉండేది ఎంత కష్టమో
నాకు తెలుసు.
ముప్పై ఏండ్లు నేను చూపించే పనే చేసినా.

పెండ్లిళ్ళు, పాస్‌పోర్టు సైజులు,
నడుమ ఎప్పుడన్నా
సైకిలు మీద హెడ్డు చిన్నమారెన్న:
"రాప్పా, ఒకటి పడింది."
ఫ్లాషు, ముక్కుకు తువ్వాలు.
తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి,
దెబ్బ పక్కన స్కేలు పెట్టి ఒకటి.
పంచనామా కాగితం మీద సంతకాలు పడుతుంటే
నేను రీలు తిప్పుకుంటా.
అక్కడ సంగీతం ఉండదు.
ఈగలు. ఎవరో అగ్గిపెట్టె అడుగుతారు.
ఎవరో "బిల్లు ఎప్పుడిస్తారు సార్" అంటారు.
ఆ అనేది నేనే.

ఇంటర్వెల్లో
మిరపకాయ బజ్జీల కాడ కోర్టు కూచుంది.
"డాక్టరే. వాని నవ్వు చూడు."
"కాదురా, చెల్లెలు. ఆ సీన్లో గాజులు లేవు, చూసినావా?"
టికెట్లు చించే ఉరుకుందు,
పొద్దున్నుంచి మూడాటలు చూసినోడు,
బుగ్గన వక్కాకు పెట్టుకుని
దేవుని మాదిరి ఊరకుండాడు.

రెండో సగంలో ఇన్‌స్పెక్టరుకు నిద్ర లేదు.
గోడ నిండా ఫోటోలు,
ఫోటోకూ ఫోటోకూ ఎర్ర దారం.
ఒకదాని ముందు ఆగినాడు. భూతద్దం.
శవానికి గడియారం
ఎడమచేతికి లేదు, కుడిచేతికుంది.
హాలంతా ఊపిరి బిగబట్టింది.
బాల్కనీలో ఒక పసిది ఏడవబోయి మానుకుంది.

ఆ తరవాత
నాకు తెర కనపడలేదు.

కొట్రేశప్ప కనపడినాడు.
ఆలూరు రోడ్డు, పత్తి గోదాము వెనక,
తొంభై ఏడు, ఏప్రిల్ ఎండ.
మిల్లు గుమాస్తా. మెట్ల మీద జారినాడన్నారు.
పదకొండో ఫ్రేము, కాళ్ళవైపు:
కుడికాలికి తోలు చెప్పు,
ఎడమకాలికి హవాయి,
అదీ రెండు సైజులు పెద్దది.
వ్యూఫైండర్లో చూసినా.
చూసి, ఫోకసు సరిచేసుకున్నా.
నొక్కినా.
ప్రింటు కడిగి, ఆరేసి, కవర్లో పెట్టి ఇచ్చినా.
ఎవరూ భూతద్దం తేలేదు.
నన్నెవరూ అడగలేదు.
నేనూ...
ఆ నెల మూడు బిల్లులు ఆగిపోయుండె.

ఈలలు. చించిన టికెట్ల వాన.
దొరికినాడంట.
ఎవరు దొరికిందీ నేను చూడలేదు.
పక్క మనిషి నా చెయ్యి వదిలి
"ఏం తీసినాడన్నా!" అన్నాడు.
అవునన్నా.

బయట మార్కెట్ యార్డు కాడ
హమాలీలు పడుకోనుండారు,
చెప్పులు తలకింద పెట్టుకుని.
జతలు సరిగ్గా ఉండాయా అని
ఒక్కొక్కటీ చూసుకుంటా నడిచినా.
కుక్క మొరిగింది.
దానికి నేనే అనుమానం.

ఇంట్లో బిస్కెట్ల డబ్బా,
మూత చాకుతో తీయాల్సొచ్చింది.
నెగెటివులు ఎండలకు వొంకర్లు పోయినాయి.
బల్బు కింద పట్టుకున్నా.
ఆ దినం రీలు మిగిలిందని
సాయంత్రం అదే రీల్లో ఒక పెండ్లి తీసినా.
పదకొండులో కాళ్ళు ఉండాయి.
చెప్పులూ ఉండాయి, అట్లనే.
పన్నెండులో
మిల్లు కాడి పెండ్లోళ్ళు వరసగా నిలబడి
నల్లటి పండ్లతో నవ్వుతుండారు.

పెండ్లికూతుర్ని వదిలేసి
నేను ఒక్కొక్కరి
కాళ్ళే చూస్తుండా.